ఆపడం ఒక నిర్ణయం, మళ్ళీ మొదలుపెట్టడం మరొక నిర్ణయం

నలుగురం కలిసి కొన్న ఒక ఆడగుర్రంలో నాకు పావు వాటా ఉండేది. రెండేళ్ళది. మొదటి పందెం ఇంకా మూడు వారాలుందనగా ఒక ఉదయం, దానికి రోజూ మాలీసు చేసి కాళ్ళకు కట్లు కట్టే పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, దాని ఎడమ ముందుకాలి ఎముక మీద బొటనవేలితో మెల్లగా నొక్కి చూపించారు. గుర్రం కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. "నాలుగు రోజుల నుంచి ఇక్కడ చెయ్యి పెట్టనివ్వడం లేదండీ. ట్రైనర్ గారికి చెప్పాను, మీకూ చెబుతున్నాను," అన్నారు. నడిపించి చూస్తే కుంటు లేదు. మేత మామూలుగానే తింటోంది. ముందురోజు దౌడులో వచ్చిన సమయం, అప్పటివరకు దానికి వచ్చిన సమయాలన్నిటిలోకీ మంచిది.

పందెం మానుకుని దానికి విశ్రాంతి ఇవ్వాలని అప్పుడు మేము తీసుకున్న నిర్ణయం సరైనదే. రెండు నెలల తరువాత తీసుకున్నది తప్పు. పైగా ఆ రెండోదాన్ని మాలో ఎవరమూ ఒక నిర్ణయంగా గుర్తించనే లేదు. లేత గుర్రాల విశ్రాంతి గురించి నేను విన్న వాదనలన్నీ ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఆపిన గుర్రాన్ని ఏ వేగంతో, ఏ క్రమంలో తిరిగి పరుగుకు తీసుకురావాలన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు. నా ఉద్దేశంలో ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఆ రెండో చోటే.

ముందు ఆ కాలి సంగతి చూద్దాం. సుమారు 500 కిలోల జంతువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దౌడు తీసేటప్పుడు, ప్రతి అంగలోనూ ఒక క్షణం పాటు భారమంతా ఒకే ముందుకాలి మీద పడుతుంది. ఆ క్షణంలో ఆ కాలు మోసేది శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. సెకనుకు రెండుకు పైగా అంగలు పడతాయి కనుక, ఒక నిమిషం పందెంలో ఆ కాలు ఆ భారాన్ని వందకు పైగా సార్లు మోయాలి. గుర్రం ముందుకాలిలో మనం మోకాలు అని పిలిచేది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. దాని కింద కండ అన్నది దాదాపు లేదు. ఎముక, కండను ఎముకకు కలిపే టెండన్లు, ఎముకలను ఒకదానికొకటి కలిపే లిగమెంట్లు, పైన పలచటి చర్మం, అంతే. ఇంకా కిందకు వస్తే డెక్కకు కాస్త పైన ఉండే ఫెట్‌లాక్ కీలు దౌడులో దాదాపు నేలకు ఆనేంతగా వంగుతుంది. దాని వెనుక ఉండే రెండు చిన్న సెసమాయిడ్ ఎముకలు కప్పీ చక్రాల్లా ఆ లాగుడునంతా భరిస్తాయి. పందెపు గుర్రాల ప్రాణం తీసే విరుగుళ్ళలో ఎక్కువ భాగం ఈ కీలు చుట్టూనే జరుగుతాయి.

ఇక వయసు. రెండేళ్ళ గుర్రం అన్నప్పుడు ఆ రెండేళ్ళు కాగితం మీదివి. ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలన్నిటికీ జనవరి 1న, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి చోట్ల ఆగస్టు 1న ఒకేసారి వయసు మారుతుంది. మే నెలలో పుట్టిన పిల్లకు, ఫిబ్రవరిలో పుట్టిన పిల్లకు పుస్తకంలో వయసు ఒకటే. అమెరికాలో రెండేళ్ళ గుర్రాల వేలాలకు ముందు వాటిని ఒక ఫర్లాంగు దూరం, అంటే సుమారు 200 మీటర్లు, గడియారం పెట్టి పరుగెత్తిస్తారు. పది సెకన్ల చుట్టుపక్కల వచ్చిన పిల్ల ధర అమాంతం పెరుగుతుంది. మార్చి నెల వేలంలో అలా పరుగెత్తే పిల్లల్లో కొన్నిటికి అసలు రెండేళ్ళు నిండి ఉండవు. ముందుకాలి మోకాలికి పైన ఉండే ఎముక చివరి పెరుగుదల పొర మూసుకోవడానికి మామూలుగా రెండు నుంచి రెండున్నర ఏళ్ళు పడుతుంది. వెన్నుపూసల్లోని పొరలు మూసుకోవడానికి అయిదేళ్ళు దాటవచ్చు.

ఈ లెక్క చెప్పగానే చాలామంది, అయితే రెండేళ్ళ గుర్రాల పందేలే నిషేధించాలి అంటారు. జంతువుల మీద ప్రేమతో అనే మాట కనుక దాన్ని తేలిగ్గా తీసేయలేను. కానీ ఎముక గురించి మనకు తెలిసినది ఆ వైపు నడిపించదు. భారం పడిన చోట ఎముక బలపడుతుందని, పడని చోట పలచబడుతుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 19వ శతాబ్దంలోనే సూత్రీకరించాడు. పెరిగే వయసులో ఆరుబయట పరుగులు తీసిన పిల్ల ఎముకలు, కీళ్ళు, పెట్టెలాంటి గదిలో బంధించి పెంచిన పిల్లవాటి కన్నా గట్టిగా ఉంటాయి. ఎదుగుతున్న ఎముక భారానికి స్పందించినంత చురుగ్గా ఎదిగిన ఎముక స్పందించదు. నాలుగేళ్ళ దాకా ఊరికే మేపి అప్పుడు మొదలుపెడితే అది రక్షణ కాదు, వాయిదా మాత్రమే. రెండేళ్ళ వయసులో పందెం మొదలుపెట్టిన గుర్రాలు ఆలస్యంగా మొదలుపెట్టినవాటి కన్నా ఎక్కువ కాలం పరుగెత్తుతాయని కొన్ని దేశాల పరిశోధనల్లో తేలింది. పందేల సమర్థకులు దీన్ని జెండాలా ఊపుతుంటారు. వాళ్ళు మరిచిపోయేది ఏమిటంటే, రెండేళ్ళకే పందానికి చేరగలిగిన గుర్రం మొదటి నుంచీ గట్టిది కనుకనే చేరగలిగింది. మధ్యలో కాలు చెడి చేరలేకపోయినవి ఆలస్యపు జాబితాలోనో, ఏ జాబితాలోనూ లేకుండానో పోయాయి.

కనుక వివాదం వయసు దగ్గర కాదు. శరీరంలోని వేర్వేరు భాగాలు వేర్వేరు వేగాలతో సిద్ధమవుతాయన్న దగ్గర ఉంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల శిక్షణకే ఎంతో మెరుగుపడతాయి. ఎముకకు నెలలు కావాలి. టెండన్ అయితే ఎదుగుదల పూర్తయ్యాక శిక్షణకు దాదాపు స్పందించదు. అంటే మూడో నెలలో గుర్రం ఉత్సాహంతో పగ్గాలు లాగుతూ ఇంకా వేగంగా పోతానంటుంది, దానికి ఆయాసం రాదు, గడియారం కూడా దాన్నే బలపరుస్తుంది. ఆ వేగాన్ని మోయవలసిన ఎముక మాత్రం ఇంకా రెండు నెలలు వెనుకబడి ఉంటుంది. మా గుర్రానికి మంచి సమయం వచ్చిన రోజుల్లోనే కాలు నొప్పి పెట్టడం విడ్డూరమేమీ కాదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

దానికి వచ్చినది పందెపు శాలల్లో అందరికీ తెలిసిన షిన్ నొప్పి. మోకాలికీ ఫెట్‌లాక్‌కీ మధ్య ఉండే కానన్ ఎముక ముందువైపు వాచి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. అమెరికాలో శిక్షణలో ఉన్న లేత థరోబ్రెడ్లలో సుమారు 70 శాతానికి ఇది వస్తుందని చాలాకాలంగా చెబుతున్నారు. ఇంత మామూలు విషయం కావడమే దీనితో వచ్చిన చిక్కు. పిల్లలకు పళ్ళు రావడం లాంటిదని, ఒకసారి వచ్చిపోతే మంచిదని చెప్పే ట్రైనర్లు ఉన్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ నునమేకర్ బృందం ఎన్నో ఏళ్ళు పనిచేసి చూపించినది వేరు. నెమ్మది నడకల్లో ఎముక ఒక దిశలో వంగితే, పందెపు వేగంలో మరొక దిశలో వంగుతుంది. కనుక మైళ్ళకొద్దీ నెమ్మది దౌడు ఎముకకు నేర్పేది నెమ్మది దౌడునే. ఒకనాడు హఠాత్తుగా పూర్తి వేగం అడిగితే, అలవాటు లేని దిశలో పడిన భారానికి ఎముక హడావుడిగా పైపూత పూసుకుంటుంది. మనం చూసే వాపు ఆ పూతే. వాళ్ళు చెప్పిన మార్గం, దూరపు దౌడులు తగ్గించి, మొదటి నుంచే చాలా కొద్ది దూరం మాత్రం వేగంగా, వారంలో ఒకటి రెండు సార్లు పరుగెత్తిస్తూ, ఆ దూరాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడం. అలా చేసిన శాలల్లో షిన్ నొప్పులు బాగా తగ్గాయి.

షిన్ నొప్పిని పట్టించుకోకుండా పరుగెత్తిస్తే, కొన్ని గుర్రాలలో నెలల తరువాత అదే చోట నెర్రె పడుతుంది. ఎముక సంగతి ఇంతే. అది ఒక్కసారిగా విరిగినట్టు కనిపిస్తుంది కానీ అలా విరగడం అరుదు. కాలిఫోర్నియాలో 1990 నుంచి పందెపు మైదానాలలో చనిపోయిన గుర్రాలన్నిటికీ శవపరీక్ష చేస్తున్నారు. డేవిస్‌లోని విశ్వవిద్యాలయ పశువైద్యులు ఆ ఎముకలలో మళ్ళీ మళ్ళీ చూసినది, ప్రాణాంతకంగా విరిగిన వాటిలో అత్యధిక భాగం అంతకు ముందే అదే చోట దెబ్బతిని ఉన్నాయన్నది. పాత గాయం మానే ప్రయత్నంలో వేసుకున్న కొత్త ఎముక కూడా అక్కడే కనిపించేది. పందెం నాడు విరిగినది ఎన్నో వారాలుగా విరుగుతూ ఉన్నదే. ఆ వారాలన్నిటిలో గుర్రం కుంటి ఉండాలని లేదు. రెండు కాళ్ళూ సమానంగా నొప్పి పెడుతుంటే అసలు కుంటదు, అంగ కాస్త పొట్టిదవుతుంది. నేటి ఎక్స్‌రేలో కూడా ఏమీ కనిపించకపోవచ్చు. 2019 చివర్లో కాలిఫోర్నియాలోని సాంటా అనిటా మైదానంలో నిలబడిన గుర్రానికే పెట్ స్కాన్ తీసే యంత్రం పెట్టడానికి కారణం, మామూలు చిత్రాలకు అందని ఫెట్‌లాక్ మార్పులను ముందే పట్టుకోవాలన్న ఆలోచనే. అంతకు ముందు చలికాలంలో ఆ ఒక్క మైదానంలోనే మూడు నెలల్లో 20కి పైగా గుర్రాలు చనిపోయి, మార్చిలో పందేలు ఆపవలసి వచ్చింది.

కుంటేదాకా ఆగుతాం అనే మాట మీద నా అభ్యంతరం ఇదే. కుంటు మొదటి సూచన కాదు, చాలా సార్లు చివరిది. అంతకు ముందు వచ్చేవి చిన్నవి. కట్టు కట్టేటప్పుడు కాలు లాక్కోవడం, మలుపులో ఎప్పటిలా దౌడులో ముందు వేసే కాలును మార్చకపోవడం, ఉదయం గదిలోంచి బయటకు వచ్చేటప్పుడు మొదటి నాలుగడుగులు బిగుసుకుని ఉండడం. ఇవి చూసేది ట్రైనర్ కాదు, యజమాని అసలే కాదు. రోజూ చేతులతో ఆ కాళ్ళను తడిమే మనిషి చూస్తాడు. అతని మాటకు శాలలో విలువ ఎంత అన్నదాన్ని బట్టి ఆ గుర్రం ఆయుష్షు ఉంటుందని నేను నమ్ముతాను.

మా విషయంలో ఆ మాట విన్నాం. ఇద్దరు వాటాదారులు వారం పాటు చన్నీళ్ళు కొట్టి, నెమ్మది నడక మీద ఉంచి పందానికి దింపుదామన్నారు. ఆ వారం చాలని ట్రైనర్ కూడా అన్నారు. నేనూ ఇంకొకరూ కాదన్నాం. పశువైద్యుడు వచ్చి, ఎక్స్‌రేలో నెర్రె లేదు కానీ ఎముక పైపొర రేగి ఉందని చెప్పడంతో మా పక్షం నెగ్గింది. పందెం మానుకున్నాం. రెండు నెలలకు పైగా విశ్రాంతి ఇచ్చాం. మొదటి అయిదు వారాలు గదిలోనే, తరువాత చిన్న ఆవరణలో. ఆ రోజుల్లో నాకు చాలా గర్వంగా ఉండేది. ఆశ చంపుకుని జంతువు పక్షాన నిలబడ్డామనుకున్నాను.

విశ్రాంతిలో ఎముక లోపల ఏం జరుగుతుందో నాకు అప్పుడు తెలియదు. దెబ్బతిన్న ఎముక బాగుపడే పద్ధతి ఇల్లు మరమ్మతు లాంటిది. ముందు పాడైన భాగాన్ని తవ్వి తీసెయ్యాలి, తరువాత కొత్తది నింపాలి. తవ్వే కణాలు కొన్ని వారాల్లో పని ముగిస్తాయి. నింపే కణాలకు నెలలు పడుతుంది. గట్టి శిక్షణ నడుస్తున్నంత కాలం కీలు కింది ఎముకలో ఈ మరమ్మతు అణిగి ఉంటుందని, విశ్రాంతి మొదలవగానే జోరందుకుంటుందని మెల్‌బోర్న్‌లో గుర్రాల ఎముకల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. విశ్రాంతి అవసరమనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు. కానీ దాని రెండో ముఖం కూడా అక్కడే ఉంది. తవ్వకం పూర్తయి పూడిక సగంలో ఉన్న రోజుల్లో ఆ ఎముక విశ్రాంతికి ముందున్న దానికన్నా బోలుగా ఉంటుంది. దానికి తోడు, భారం లేక మిగతా ఎముకలూ పలచబడుతూ ఉంటాయి. గుర్రం మాత్రం నున్నగా మెరుస్తూ, కాలు నొప్పి పోయి, గదిలో నిలవలేక గంతులు వేస్తూ ఉంటుంది. చూసేవాళ్ళకు పూర్తిగా కోలుకున్నట్టే ఉంటుంది.

1998లో కాలిఫోర్నియా థరోబ్రెడ్ల మీద వచ్చిన ఒక పరిశోధన, భుజం కింద ఉండే హ్యూమరస్ ఎముక పూర్తిగా విరిగిన గుర్రాల శిక్షణ రికార్డులను తిరగేసింది. రెండు నెలలో అంతకన్నా ఎక్కువో వేగపు దౌడు లేకుండా ఉండి, తిరిగి వచ్చిన కొద్దికాలంలోనే ఆ ఎముక విరిగే ముప్పు బాగా పెరుగుతుందని అందులో తేలింది. దానికి కొంచెం ముందు అదే రాష్ట్రంలో వచ్చిన మరికొన్ని పరిశోధనలు ఇంకొక విషయం చెప్పాయి. తక్కువ కాలంలో వేగపు దూరాన్ని ఎక్కువగా పోగేసుకున్న గుర్రాలకు ప్రాణాంతక గాయాల ముప్పు ఎక్కువ. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే మేము చేసినదే అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.

మేము చేసినది ఇది. విశ్రాంతి ముగిసిన తరువాత, పోయిన పందానికి బదులు ఆరు వారాల దూరంలో ఉన్న మరొక పందాన్ని ఎంచుకుని, అక్కడి నుంచి రోజులు వెనక్కి లెక్కపెట్టాం. రెండు వారాలు ట్రాట్ అనే చిన్న పరుగు, వారం నెమ్మది దౌడు, తరువాత వేగం. ఎముక ఏ దశలో ఉందో దాన్ని బట్టి కాక, క్యాలెండర్‌లో ఖాళీ ఎక్కడుందో దాన్ని బట్టి వేసిన లెక్క. నాలుగో వారంలో, రెండో వేగపు దౌడు అయిన మర్నాడు, అది కుడి ముందుకాలిని ముందుకు వేయడానికి ఇబ్బంది పడింది. ఈసారి అందరికీ కనిపించేంత కుంటు. ఎముకల సింటిగ్రఫీ స్కాన్‌లో హ్యూమరస్‌లో నెర్రె బయటపడింది. మొదట్లో నొప్పి పెట్టిన ఎడమ షిన్‌కు దీనితో సంబంధమే లేదు. ఇంకొక దౌడు చేయించి ఉంటే ఆ ఎముక మైదానంలోనే విరిగి ఉండేదని పశువైద్యుడు అన్నారు. అది బతికింది. పందానికి మాత్రం ఎన్నడూ రాలేదు.

విశ్రాంతి వద్దని నేను అనడం లేదు. కానీ విశ్రాంతి ఇస్తే చాలు గుర్రం కాపాడబడుతుందన్నది భ్రమ. అమెరికాలో మూడేళ్ళ గుర్రాలకు మాత్రమే జరిగే పేరున్న పందెం కెంటకీ డెర్బీని 2006లో గెలిచిన బార్బరోను చూడండి. దాని ట్రైనర్ డెర్బీకి ముందు అయిదు వారాల విరామం ఇచ్చినప్పుడు, అంత విరామం ఎక్కువని అప్పట్లో పెదవి విరిచినవాళ్ళే ఎక్కువ. అది గెలిచింది. రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెం మొదట్లో దాని కుడి వెనుకకాలు 20కి పైగా ముక్కలయింది. నెలల చికిత్స తరువాత, 2007 జనవరిలో, డెక్కల లోపల వచ్చే లామినైటిస్ అనే వాపు జబ్బుతో దానికి దయామరణం ఇవ్వవలసి వచ్చింది. రఫియన్ అనే మేటి ఆడగుర్రం 1974లో, రెండేళ్ళ వయసులో వెనుకకాలికి సన్నని నెర్రె పడితే నెలల విశ్రాంతి తీసుకుని తిరిగి వచ్చింది, మళ్ళీ వరసగా గెలిచింది. 1975 జూలై 6న బెల్మాంట్ పార్క్‌లో కుడి ముందుకాలి సెసమాయిడ్లు విరిగి, శస్త్రచికిత్స తరువాత మత్తు వదిలి గిలగిల కొట్టుకోవడంతో మర్నాడు దాన్ని పోగొట్టుకున్నారు. ఈ ఒక్కో కథ నుంచి ఒక్కో సూత్రం లాగడం తప్పు. నాకు వీటిలో కనిపించేది ఒక్కటే. విరిగిన కాలికి గుర్రంలో రెండో అవకాశం లేనట్టే. మనిషిని మంచం మీద పడుకోబెట్టగలం, గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడితే ఆ భారానికి మిగిలిన కాలి డెక్క చెడుతుంది. కనుక చేయగలిగినదంతా విరగకముందే చేయాలి.

ఇక్కడ డబ్బు సంగతి రాకుండా ఉండదు. గదిలో నిలబడిన గుర్రానికి కూడా మేత పెట్టాలి, నెలనెలా ట్రైనర్‌కు అంతే ఇవ్వాలి. పెద్ద పందేలలో కొన్ని రెండేళ్ళవాటికో, మూడేళ్ళవాటికో మాత్రమే. కెంటకీ డెర్బీలో గుర్రం జీవితంలో ఒక్కసారే పరుగెత్తగలదు. పోయిన పందెం మళ్ళీ రాదన్న ఆ తొందరలో ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు, కీళ్ళలోకి స్టిరాయిడ్ సూదులు దారి చేసుకుంటాయి. నొప్పి తగ్గించడం తప్పు కాదు. కానీ వేగం కోసం నొప్పి తీసేస్తే, కాలు తనను తాను కాపాడుకునే ఒకే ఒక్క సాధనాన్ని తీసేసినట్టే. అందుకే ఆపే నిర్ణయం, తిరిగి మొదలుపెట్టే నిర్ణయం, ఆ పందెంలో వాటా లేని పశువైద్యుడి చేతిలో ఉండాలని నా వాదన. నేను కూడా వాటాదారుణ్ణే కనుక నన్ను నేను మినహాయించుకోవడం లేదు.

ఇది తగ్గించలేని విధి కాదు. అమెరికాలో పందెంలో ప్రాణాంతక గాయాల లెక్క కట్టడం మొదలైన 2009లో ప్రతి 1000 పరుగులకు 2.00 మరణాలు నమోదయ్యాయి. 2023 నాటికి అది 1.32. 2020 చట్టంతో ఏర్పడిన జాతీయ భద్రతా సంస్థ, హీసా, పరిధిలోని మైదానాలలో 2024లో 0.90. ముందస్తు పరీక్షలు, మందుల మీద కట్టడి, అనుమానమున్న గుర్రాన్ని పశువైద్యుల జాబితాలో పెట్టి పరుగుకు దూరంగా ఉంచడం వంటివన్నీ కలిసి చేసిన పని ఇది. ఈ లెక్కలలో రెండేళ్ళ గుర్రాల రేటు పెద్దవాటి కన్నా తక్కువగానే ఉంటూ వచ్చింది. దాన్ని చూపించి లేత గుర్రాలకు ముప్పేమీ లేదనేవాళ్ళు ఉన్నారు. అయితే ఆ పట్టికలోకి వచ్చేవి పందేలలో తగిలిన దెబ్బలే. ఉదయపు శిక్షణలో విరిగిన కాలు అందులో కనిపించదు. మా గుర్రం ఏ పందెంలోనూ పరుగెత్తలేదు కనుక అది ఏ లెక్కలోనూ లేదు.

ఇప్పుడు నాకు వేరొక పిల్లలో చిన్న వాటా ఉంది. దానికీ షిన్ నొప్పి వచ్చింది. ఈసారి గదిలో బంధించలేదు. మొదటి వారం తరువాత రోజూ చేత్తో పట్టుకుని నడిపించడం, ఆ తరువాత చిన్న ఆవరణలో వదలడం జరిగింది, ఎముకకు కొంతైనా భారం తగులుతూ ఉండాలని. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పందెం తేదీ ఏదీ పెట్టుకోవద్దని వాటాదారులం ముందే రాసుకున్నాం. మొదటి వేగపు పరుగు ఒక ఫర్లాంగు దాటకూడదు. పెంచితే ఏదో ఒకటే పెంచాలి, దూరమో వేగమో, రెండూ ఒకే వారంలో కాదు. ప్రతి వేగపు పరుగు తరువాత రెండు ఉదయాలు పాత పద్ధతిలోనే కాళ్ళు తడిమి చూసి, ఆ పెద్దాయన ఊ అంటేనే తరువాతి పరుగు. ఆయన ఇప్పుడు ఈ పిల్లను చూస్తున్నారు. నిన్న ఫోన్ చేసి, "కాలు లాక్కోవడం లేదండీ, కానీ ఎడమవైపు ఇంకా కొంచెం వెచ్చగా ఉంది," అన్నారు. మిగతా ముగ్గురు వాటాదారులకూ ఆ మాట చేరవేశాను. ఒకరి నుంచి ఇంకా జవాబు రాలేదు. ఈ వారం వేగపు పరుగు లేదు.